ముందు తుడవాలి, తర్వాతే కడగాలి

అమెరికాలో గురి చూసి కాల్చే పోటీలంటే ఇష్టపడేవాళ్ళలో కొందరు తూటాలు అంగట్లో కొనరు. కారు చక్రం సమంగా తిరగడానికి అంచున బిగించే సీసపు ముక్కల వంటి పాత సీసాన్ని పోగుచేసి, కరిగించి, అచ్చుల్లో పోసి ఇంటి షెడ్డులోనే తయారుచేసుకుంటారు. సీసం మెత్తటి లోహం. తుపాకీ గొట్టంలో దూసుకుపోయేటప్పుడు ఉక్కు గోడకు రాసుకుని పొరలు పొరలుగా అంటుకుంటుంది, గురి చెడుతుంది. అందుకని తూటా నడుము చుట్టూ గాడులు ఉంచి, వాటిలో కందెన నింపుతారు. ఎడ్లబండి ఇరుసును చూసినవాళ్ళకు ఈ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. కాకపోతే బండి కందెన ఎప్పుడూ జారుగా ఉండాలి, తూటా కందెన మామూలు వేళ గాడిలో గట్టిగా కూర్చోవాలి. అందుకే దాని ముడిసరుకుల్లో మొదటి పేరు తేనెమైనం. అమెరికా జాతీయ రైఫిల్ సంఘం సాంకేతిక నిపుణులు దశాబ్దాల కిందట ప్రచారంలోకి తెచ్చిన పాళ్ళు చాలా సులువు: సగం తేనెమైనం, సగం అలాక్స్ అనే తుప్పు నిరోధక పదార్థం. మైనానికి లిథియం గ్రీజు కలిపేవాళ్ళున్నారు, గొర్రెల ఉన్ని నుంచి తీసే లానొలిన్, వనస్పతి, ఆముదం కలిపేవాళ్ళున్నారు. సబ్బు బిళ్ళ తురిమి వేసేవాళ్ళూ ఉన్నారు. అన్నిటినీ ఒక గిన్నెలో కరిగించి, పళ్ళెంలో నిలబెట్టిన తూటాల చుట్టూ పోస్తారు. గట్టిపడ్డాక, అడుగు కోసేసిన ఖాళీ తూటా గొట్టంతో ఒక్కో తూటాను బిళ్ళలోంచి గుండ్రంగా కోసి తీస్తారు. పని అక్కడితో అయిపోతుంది. మిగిలేది గిన్నె.

ఈ అధ్యాయం ఆ గిన్నె గురించి. తూటా కందెన అనగానే మనకు 1857 గుర్తుకొస్తుంది. ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాల కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న అనుమానంతో సిపాయిలు భగ్గుమన్నారు. పూతలో ఏముందో కంటితో చూసి తేల్చుకునే వీలు లేకపోవడమే ఆ అనుమానానికి సగం బలం. ఇప్పుడు మన దేశంలో లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, కాబట్టి పాఠకులెవరికీ ఈ కందెన చేసే అవసరం రాదు. అయినా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మైనం, నూనె, లోహపు సబ్బు, ఈ మూడు రకాల జిడ్లూ ఒకే గిన్నెలో కలిసి కనిపించే చోటు ఇంతకంటే మంచిది దొరకదు. కొవ్వొత్తులు పోసేవారి గిన్నె, పెదవుల లేపనం చేసేవారి గిన్నె, బాతిక్ అద్దేవారి గిన్నె దీనికి తోబుట్టువులే. ఈ గిన్నెను శుభ్రం చేయడం తెలిస్తే వాటన్నిటి సంగతీ తెలిసినట్టే. నా వాదన ఒక్కటే. శుభ్రం చేయడమంటే మురికిని మాయం చేయడం కాదు, ఒకచోటి నుంచి ఇంకొకచోటికి తరలించడం. అందుచేత దేనితో కడగాలన్న ప్రశ్న కంటే ముందు ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వేసుకోవాలి. అది వేసుకున్నవారెవరూ మైనం గిన్నెను నేరుగా కుళాయి కింద పెట్టరు. వేడిగా ఉండగానే పొడిగుడ్డతో తుడుస్తారు. నీటి వంతు చివరన వస్తుంది.

పొయ్యి ఆపిన క్షణం నుంచి గిన్నెను దగ్గరగా గమనిద్దాం. మైనం 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకోండి, నీళ్ళలాగే పల్చగా పారుతుంది. గిన్నెను వంచి ఒంపేస్తే గోడల మీద మిగిలిన పొర మెల్లగా కిందికి జారుతుంది. అంచు మీంచి జారిన ఒక చుక్క బయటి గోడ మీద సగం దాకా వచ్చి ఆగిపోతుంది. కాసేపటికి పై అంచులో, లోహం పల్చగా ఉన్నచోట, మెరుపు తగ్గి పాలమీగడ లాంటి మసక కమ్ముతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది, ఆ మసక దాని గుర్తే. మసక అంచు నుంచి కిందికి పాకుతుంది. అడుగున మాత్రం మందమైన లోహం వేడిని పట్టి ఉంచినందువల్ల ఇంకా కొంతసేపు పసుపురంగు మడుగు కదులుతూనే ఉంటుంది. పొయ్యి ఆపినప్పటి నుంచి ఈ మసక అడుగుకు చేరేదాకా ఉన్న ఆ కొద్ది నిమిషాలే మన చేతిలో ఉన్న అవకాశం. అప్పుడు మసిగుడ్డతో గిన్నెను పట్టుకుని, ఇంకో చేత్తో పాత నూలుగుడ్డ ముద్దను లోపల ఒక్కసారి తిప్పితే పొర మొత్తం గుడ్డలోకి ఎక్కుతుంది. ఒత్తిన వత్తి దీపంలో నూనెను ఎలా లాగుతుందో, నూలుపోగుల మధ్య సందులు ద్రవంగా ఉన్న మైనాన్ని అలాగే లాగుతాయి. మసక దాటాక అదే గుడ్డ మైనం మీద జారిపోతుందే తప్ప దాన్ని పీల్చదు. ఘనపదార్థం సందుల్లోకి పారదు కదా.

మనం రోజూ నెయ్యి గిన్నెలు, నూనె మూకుళ్ళు నీళ్ళతోనే కదా తోముతున్నాం, మైనానికి మాత్రం ఈ ప్రత్యేక మర్యాద ఎందుకు? జవాబు ఉష్ణోగ్రతలో ఉంది. నెయ్యి మన వేసవిలో తనంతట తానే కరుగుతుంది. చేతికి హాయిగా తగిలే గోరువెచ్చని నీరు చాలు, దాన్ని ద్రవంగా మార్చడానికి. ద్రవంగా మారిన జిడ్డును సబ్బు చుట్టుముట్టి, చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి, నీటిలో తేలియాడేట్టు చేయగలదు. సబ్బు అణువు ఒక కొనతో నూనెను, ఇంకో కొనతో నీటిని పట్టుకుంటుంది. అయితే ఈ చుట్టుముట్టడం జరగాలంటే జిడ్డు కదలాలి. తేనెమైనం కదలాలంటే నీరు 62 డిగ్రీలు దాటాలి. అంత వేడి నీటిలో చేయి పెడితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది. ఈ కారణంగానే అమెరికాలో ఇళ్ళలోని నీటి హీటర్లను 120 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 49 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచమని భద్రతా సంస్థలు చెబుతాయి. లెక్క ఇక్కడే తేలిపోతుంది. ఆ కుళాయిలోంచి వచ్చే వేడినీరు ఎంత ధారగా పోసినా తేనెమైనానికి అది చన్నీళ్ళ స్నానమే. చేయి భరించే నీటికి మైనం కరగదు, మైనం కరిగే నీటిని చేయి భరించదు. మన పళ్ళేలకు పనికొచ్చిన ఉపాయం ఈ గిన్నె దగ్గర ఓడిపోయేది అందుకే. సబ్బు నాసిరకమైనా మేలురకమైనా ఇక్కడ తేడా లేదు.

కరగకపోయినా నీరు మైనం కిందికి చొచ్చుకుపోయి దాన్ని పెకలించలేదా? అదీ కుదరదు. తేనెమైనంలో దాదాపు 70 శాతం ఎస్టర్లు, ఒక 14 శాతం హైడ్రోకార్బన్లు, మరో 12 శాతం స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఎస్టర్లలో ముఖ్యమైన దాని అణువులో 46 కార్బన్ పరమాణువులు గొలుసుకట్టి ఉంటే, నీటితో చేయి కలపగల ఆక్సిజన్ పరమాణువులు రెండే. అంత పొడవైన జలవిరోధి ఒంటికి ఇంత చిన్న స్నేహహస్తం ఏ మూలకు? నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టునే తలతన్యత అంటాం. గది ఉష్ణోగ్రతలో నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, మైనం ఉపరితలం ఇచ్చే ఆకర్షణ అందులో సగానికి లోపే. అందుకే మైనం పూసిన పళ్ళెం మీద నీరు తామరాకు మీద బొట్టులా దొర్లుతుంది. తడపనిదాన్ని కడగలేం. సబ్బు ఆ తలతన్యతను తగ్గించి నీటిని పరుచుకునేట్టు చేస్తుంది నిజమే, కానీ పరుచుకున్నంత మాత్రాన గట్టి పొర ఊడిరాదు, పైపైన తడుస్తుందంతే.

వంటింటి జిడ్డునీటి నుంచే ఈ శాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం పుట్టింది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఆగ్నెస్ పొకెల్స్ అనే యువతి, ఆ రోజుల్లో ఆడవాళ్ళకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేనందువల్ల, ఇంటిపని చూసుకుంటూనే నీటి ఉపరితలం మీద జిడ్డు ఎలా ప్రవర్తిస్తుందో కొలవడం మొదలుపెట్టింది. రేకు తొట్టె ఒకటి, నీటి మీద అటూ ఇటూ జరిపే రేకు పట్టీ ఒకటి, ఉపరితలం నుంచి చిన్న బిళ్ళను పైకి లాగడానికి ఎంత బలం కావాలో చూసే తక్కెడ ఒకటి, ఇవే ఆమె పరికరాలు. 1891 జనవరిలో ఆమె రాసిన ఉత్తరాన్ని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ చదివి, నేచర్ పత్రికకు పంపి అచ్చు వేయించాడు. జిడ్డు నీటి మీద పరుచుకునే పొర, ఆ పొరను పట్టీతో ఒకవైపుకు నెట్టి ఉపరితలాన్ని ఊడ్చే పద్ధతి, అందులో ఉన్నాయి. మన గిన్నెకు ఆమె చెప్పే పాఠం సూటిగా ఉంటుంది. జిడ్డు నీటి లోపల ఉండదు, నీటి మీద ఉంటుంది. మైనం గిన్నెను మరిగే నీటిలో ముంచితే మైనం కరిగి పైకి తేలుతుంది, లోపల గోడ తళతళలాడుతుంది. తీరా గిన్నెను పైకి లాగేటప్పుడు అది ఆ తేలే పొరలోంచే బయటికి రావాలి. వస్తూ వస్తూ ఆ పొరనే లోపలా బయటా పూసుకుని వస్తుంది. అప్పటిదాకా లోపల మాత్రమే ఉన్న మైనం ఇప్పుడు పిడి మీద కూడా ఉంటుంది. కడిగినకొద్దీ జిడ్డు పెరిగిందని విసుక్కునేవారు నిజానికి పొకెల్స్ ప్రయోగాన్నే పెద్ద ఎత్తున చేస్తున్నారు.

శుభ్రం చేసే పనిని లెక్కగా చూపినవాడు హెంకెల్ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు హెర్బర్ట్ సిన్నర్. 1959లో ఆయన దాన్ని నాలుగు భాగాల వృత్తంగా గీశాడు: రసాయనం, రాపిడి, ఉష్ణోగ్రత, సమయం. ఒకటి తగ్గితే మిగిలినవాటిలో ఏదో ఒకటి పెరిగి ఆ లోటు పూడ్చాలి. చన్నీటితో ఉతికితే ఎక్కువసేపు నానబెట్టాలి, నానబెట్టే తీరిక లేకపోతే గట్టిగా బాదాలి. బూడిదతో గిన్నెలు తోమిన మన ఇళ్ళకు ఈ వృత్తం తెలియకపోయినా దాని సారం తెలుసు. పొడి బూడిద ముందు జిడ్డును పీలుస్తుంది, దాని రేణువులు రాపిడినిస్తాయి, అందులోని క్షారం కొంత కొవ్వును సబ్బుగా మారుస్తుంది, ఆ తర్వాతే నీళ్ళు. మైనం విషయంలో ఈ వృత్తంలోని నాలుగు ముక్కలూ సమానం కావు. ఉష్ణోగ్రత 64 డిగ్రీలకు దిగువన ఉన్నంతకాలం ఎంత రసాయనం పోసినా, ఎంత తోమినా, ఎంతసేపు నానబెట్టినా వచ్చే ఫలితం తక్కువ. దాటిన మరుక్షణం రసాయనం అవసరమే దాదాపు లేదు, పది సెకన్ల సమయం చాలు, రాపిడికి గుడ్డ ఒక్క తిప్పు చాలు. ఆ వేడి ఎలాగూ గిన్నెలో ఉంది. కందెన కరిగించడానికి మనమే ఇచ్చాం. దాన్ని చల్లారనిచ్చి, తర్వాత మళ్ళీ వేడినీటితో ఆ వేడినే కొని తేవడం డబ్బు పారేసి వెతుక్కోవడం లాంటిది.

తుడుపు వల్ల ఎంత లాభమో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు ఉన్న గిన్నె లోపలి వైశాల్యం అడుగుతో కలిపి సుమారు 650 చదరపు సెంటీమీటర్లు. ఒంపేశాక గోడల మీద మిల్లీమీటరులో పదోవంతు మందాన పొర మిగిలిందనుకుంటే, అది ఆరున్నర ఘన సెంటీమీటర్లు, బరువులో ఆరు గ్రాములకు పైమాటే. వేడిగా తుడిచాక మిల్లీమీటరులో వెయ్యోవంతు పొర మిగిలిందనుకుందాం. అప్పుడు మిగిలేది ఆరు సెంటీగ్రాములు. నూటికి తొంభైతొమ్మిది వంతుల జిడ్డు గుడ్డలో ఉంది, గిన్నెలో ఒక వంతే ఉంది. ఇక ఆ ఒక్క వంతు కోసం సబ్బు వాడినా, ద్రావణి వాడినా, చెంచాడు సరిపోతుంది. తుడవకుండా కడగడానికి దిగినవారు నూరు వంతులతోనూ నీటిలో కుస్తీ పట్టాలి. ఈ అంకెలు ఊహకు తీసుకున్నవే. మీ గిన్నెలో పొర కొంచెం మందమో పల్చనో కావచ్చు. నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం బలంగానే వస్తుంది. మరిగే నీళ్ళతో మైనం తీయడం తాతల నాటి పద్ధతి కాదా? అవును. కోరమండల్ తీరంలో, మచిలీపట్నం వైపు, అద్దకపు బట్టలకు నీలిరంగు వేసేటప్పుడు రంగు అంటకూడని చోట మైనం పూసేవారు. నీలి తొట్టెలో ముంచి తీశాక బట్టను మరిగే నీటిలో వేసి మైనం వదిలించేవారు. మరి వాళ్ళు చేసింది తప్పా? కాదు, బట్టను తుడవలేం కాబట్టి అదే సరైన దారి. బట్టలోంచి మైనం ఎక్కడికి పోవాలో కూడా ఆ దారిలోనే ఉంది. మైనం నీటికంటే తేలిక, సాంద్రత 0.96 దగ్గర ఉంటుంది కాబట్టి పైకి తేలి, చల్లారాక బిళ్ళలా గట్టిపడుతుంది. తేనెపట్ల నుంచి మైనం తీసేవారు ఇప్పటికీ చేసేది ఇదే. ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కళాకారులు పోతపోసే డోక్రా బొమ్మల్లో అయితే నీటి ప్రసక్తే లేదు. మైనపు తీగలతో చేసిన బొమ్మ మీద మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి జారిపోతుంది, ఖాళీ అయిన చోటికి లోహం వస్తుంది. మట్టి అచ్చులోని అతి సన్నని గీతలోంచి కూడా మైనాన్ని ఖాళీ చేయించేది ఒక్క వేడే. రెండు పనులూ చెప్పేది ఒకటే: మైనాన్ని కదిలించేది వేడి. నీరు ఆ వేడిని మోసుకొచ్చే బండి మాత్రమే, అదీ అవసరమైన చోట.

నీటికి చాకలిసోడా కలిపితే సంగతి ఇంకాస్త ముందుకు వెళుతుంది. తేనెమైనంలో 12 శాతం దాకా ఉన్న స్వేచ్ఛా ఆమ్లాలు వేడి క్షారంతో కలిసి సబ్బుగా మారతాయి. అలా పుట్టిన సబ్బు మిగతా మైనాన్ని బొట్లుగా విడగొట్టి నీటిని పాలరంగుకు తిప్పుతుంది. తేనెమైనం, బోరాక్స్ కలిపి చేసే పాతకాలపు కోల్డ్ క్రీములు నిలబడింది ఈ చర్య మీదే. కాబట్టి సోడానీళ్ళు మరిగిస్తే గిన్నె శుభ్రపడుతుందన్న మాట అబద్ధం కాదు. నా అభ్యంతరం గిన్నె గురించి కాదు, తర్వాతి మజిలీ గురించి. ఆ పాలనీటిని సింకులో పోస్తే ఏమవుతుంది? గొట్టం వంపు దాటే లోపే చల్లబడుతుంది. బొట్లుగా ఉన్న మైనం గోడకు అంటుకుంటుంది. సబ్బుగా మారిన భాగం నీటిలోని కాల్షియంతో కలిసి కరగని కాల్షియం సబ్బుగా పేరుకుంటుంది. బోరునీటి ఊళ్ళలో బకెట్ అంచున తెల్లటి తెట్టు కట్టేది ఇదే. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద మురుగుకాలువలో కొవ్వు, తడి కాగితపు గుడ్డలు కలిసి గడ్డకట్టిన ముద్ద బయటపడింది. దాని పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాన్ని ఎవరూ ఒక్కసారిగా పోయలేదు. ప్రతి ఇల్లూ తన గిన్నె శుభ్రపడిందని సంతోషించి పంపిన చెంచాడు చెంచాడు జిడ్డే అది. నీటిలో మరిగించక తప్పని పరిస్థితి వస్తే గిన్నెను నీటితోనే పూర్తిగా చల్లారనివ్వాలి, తేలిన బిళ్ళను చేత్తో తీసి పక్కన పెట్టాలి, మిగిలిన నీటిని గుడ్డలో వడకట్టాలి. అంటే చివరికి మళ్ళీ గుడ్డ దగ్గరికే వచ్చాం, చుట్టూ తిరిగి.

రెండో అభ్యంతరం పెట్రోలు, కిరోసిను వాడేవాళ్ళది. మైనం నీటికి లొంగకపోతే ఏం, తన జాతి ద్రవాలకు లొంగుతుంది కదా అంటారు. రసాయన సూత్రం సరైనదే. హైడ్రోకార్బన్ గొలుసులు హైడ్రోకార్బన్ ద్రావణుల్లో కలుస్తాయి, కిరోసిను, టర్పెంటైను, పెయింటర్లు వాడే మినరల్ స్పిరిట్స్ మైనాన్ని, గ్రీజును మెత్తబరుస్తాయి. ముఖ్యంగా లిథియం గ్రీజు ఉన్న కందెనకు వీటి అవసరం నిజంగానే ఉంటుంది. ఆ గ్రీజును చిక్కగా నిలబెట్టేది లిథియం హైడ్రాక్సీస్టియరేట్ అనే లోహపు సబ్బు. దాని ఆమ్లం ఆముదం నుంచి వస్తుంది. ప్రపంచంలో ఆముదం పంట అన్నిటికంటే ఎక్కువగా పండేది మన దేశంలోనే. గుజరాత్‌ది పెద్ద వాటా, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలకు కూడా అది పాతపంటే. బండి ఇరుసుకు పూసిన ఆముదమే రూపం మార్చుకుని బేరింగుల్లోకి, ఈ తూటా గాడుల్లోకి చేరిందన్నమాట. పేరుకు సబ్బే అయినా లిథియం సబ్బు నీటిలో కరగదు. ఆ గుణం కోసమే దాన్ని గ్రీజులో వాడతారు. సుమారు 190 డిగ్రీల దాకా జారిపోదు కూడా. అందువల్ల మైనం తుడిచేశాక కూడా గిన్నె అడుగున తీగలు సాగే పొర కొంచెం మిగలవచ్చు. దానికి మినరల్ స్పిరిట్స్ తడిపిన గుడ్డముక్క సరైన మందు. కానీ మోతాదు, వేళ రెండూ ముఖ్యం. పెట్రోలు ఆవిరి సున్నాకు దిగువన 40 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, కాబట్టి దాని పేరే ఎత్తకూడదు. కిరోసిను, మినరల్ స్పిరిట్స్ 40 డిగ్రీల దరిదాపుల్లో అంటుకునే ఆవిరినిస్తాయి. మన గిన్నె తుడిచే వేళకు 70 డిగ్రీల మీద ఉంది. కాబట్టి వేడి ఉన్నంతసేపు ద్రావణి దగ్గరికి రాకూడదు, ద్రావణి వచ్చే వేళకు పొయ్యి ఆరి, గిన్నె చల్లారి ఉండాలి. గిన్నె నిండా పోసి నానబెట్టడం కూడా ఒప్పుకోదగ్గది కాదు. ఆరు గ్రాముల మైనాన్ని అరలీటరు కిరోసినులో కలిపితే శుభ్రమైంది గిన్నె, మురికైంది అరలీటరు కిరోసిను. దాన్ని ఇప్పుడెక్కడ పోస్తారు?

మూడో అభ్యంతరం నిప్పుది: గిన్నెను బాగా కాలిస్తే మైనం ఆవిరై పోదా? పోదు, పొగ అవుతుంది, తర్వాత మంట అవుతుంది. నీళ్ళకు ఉన్న ఒక గొప్ప గుణం మైనానికి లేదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతూ, ఇక వేడెక్కనని బుడగలతో చెబుతుంది. మైనం అలాంటి హెచ్చరిక ఏదీ ఇవ్వకుండా నిశ్శబ్దంగా 200 డిగ్రీలు దాటి, అంటుకునే ఆవిరినిచ్చే దశకు చేరుతుంది. అందుకే కరిగించేటప్పుడే దాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా, నీళ్ళున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె నిలబెట్టి కరిగించాలి. అప్పుడు నీరే కాపలా కాస్తుంది, మైనం 100 డిగ్రీలు దాటలేదు. ఒకవేళ మైనం అంటుకుంటే నీళ్ళు చల్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది, మండుతున్న మైనాన్ని ఇల్లంతా చిమ్ముతుంది. మూత పెట్టి గాలి అందకుండా చేయడమే దారి. నీటితో కడగవద్దనడానికి ఇక్కడే ఇంకో కారణం దొరుకుతుంది. కడిగిన గిన్నె పిడి బిగించిన సందులో, అంచు మడతలో రెండు చుక్కల నీరు దాగి ఉంటే, తర్వాతిసారి నేరుగా వేడి చేసినప్పుడు మైనం కింద అది ఆవిరై చిటపటలాడుతుంది. సీసం కరిగించే పాత్రలో అయితే అది చిటపటతో ఆగదు. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర. అందులో తడి పడితే లోహం మొత్తం పైకి ఎగజిమ్ముతుంది. తూటాలు పోసే అమెరికన్లు ఈ ప్రమాదానికి జిలుగురేకుల దేవత దిగివచ్చిందని మారుపేరు పెట్టుకున్నారు. వెండిరంగు సీసపు తుంపర్లు గోడల నిండా మెరుస్తాయి కనుక. ఒకే బల్ల మీద ఈ రెండు పనులూ చేసేవారికి పొడిగా ఉంచడం అలవాటు కావాలి.

నాలుగో అభ్యంతరం తెలివైనది, సగం నిజం కూడా. ఆ గిన్నెను ఎలాగూ మళ్ళీ కందెనకే వాడతారు, అసలు శుభ్రం చేయడం ఎందుకు? మైనపు పొర గిన్నెకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది కదా? నిజమే, ఒకే పాళ్ళలో ఒకే కందెన చేసేవారు గిన్నెను ఒంపి, మూతపెట్టి, అటక మీద పెట్టేస్తే కొంప మునిగేదేం లేదు. అయితే మూడు సందర్భాల్లో ఆ సౌకర్యం పనిచేయదు. కందెనలో వనస్పతి, వంటనూనె ఉంటే అవి గాలికి చెడి కమురు వాసన పడతాయి, కొత్త ముద్దలోకి ఆ చెడుపు వెళుతుంది. జిడ్డు మీద వాలిన దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, ఇసుక ఉక్కుకంటే గట్టిది, రాపిడి తగ్గించాల్సిన కందెనే రాపిడి పెంచుతుంది. ఇక గిన్నె బయటి గోడ మీద ఆగిపోయిన ఆ చుక్క తర్వాతిసారి పొయ్యి మీదికి జారి మంట అందుకుంటుంది. లోపల వదిలేసినా బయట మాత్రం వదలకూడదు. అప్పటికే చల్లారిపోయి ఉంటే గిన్నెను మళ్ళీ నీళ్ళ గిన్నెలో నిలబెట్టి వేడిచేసి తుడవడం మేలు. పారఫిన్ లాంటి పెళుసు మైనమైతే ఫ్రీజరులో పెడితే లోహంకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ముడుచుకుని పెచ్చులుగా ఊడుతుంది కానీ, నూనె, గ్రీజు కలిసిన మెత్తటి కందెన అలా ఊడదు, సాగుతుంది.

ఇన్ని చెప్పి ఆ గుడ్డ సంగతి చెప్పకపోతే నా వాదన నా మీదికే తిరుగుతుంది. మురికి మాయం కాదు, గుడ్డలోకి వచ్చిందంతే. అందులో వంటనూనె, అవిసె నూనె లాంటివి ఉంటే అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడి పుట్టిస్తాయి, ముద్దగా కుక్కి పడేస్తే ఆ వేడి పోగై ఎవరూ అంటించకుండానే మంట లేవచ్చు. అందుకని గుడ్డను విడదీసి, ఆరుబయట ఒంటి పొరగా ఆరబెట్టాలి, లేదా నీటితో తడిపి మూతున్న రేకు డబ్బాలో పెట్టాలి. మినరల్ స్పిరిట్స్ తడిపిన గుడ్డ కూడా ఆవిరి పోయేదాకా బయటే ఉండాలి. సీసం తగలని శుద్ధమైన మైనపు గుడ్డ పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. తూటాలు నిలబెట్టిన పళ్ళేన్ని తుడిచిన గుడ్డ మాత్రం నిప్పులో వేయకూడదు. దానిలో సీసపు పొడి ఉంటుంది. సీసపు ఆక్సైడు కొవ్వు ఆమ్లాలతో కలిసి సీసపు సబ్బుగా మారడం వైద్యులు పాతకాలపు లేపనాల్లో వాడుకున్న చర్యే. అది కందెనలో జరిగితే కంటికి కనిపించదు. ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లల విషయంలో మరీ. 1857లో సిపాయిల అనుమానానికి బలమిచ్చిన విషయం ఇక్కడా వర్తిస్తుంది: పూత చూసి అందులో ఏముందో చెప్పలేం. కాబట్టి ఎంత మెరిసేట్టు తోమినా ఈ గిన్నె, ఈ పళ్ళెం, ఈ గరిటె మళ్ళీ వంటింటికి రాకూడదు. వాటి మీద రంగుతో గుర్తు వేసి విడిగా ఉంచాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వరస ఇంతే. మసక కమ్మకముందే పొడిగుడ్డతో లోపల, ఆ వెంటనే బయటి గోడ. గ్రీజు తీగ మిగిలితే చల్లారాక చెంచాడు ద్రావణితో మరో గుడ్డ. ఆ తర్వాతే వేడినీళ్ళు, సబ్బు, పూర్తిగా ఆరబెట్టడం. ఈ వరసలో చేస్తే సింకు గొట్టంలోకి వెళ్ళేది దాదాపు సబ్బునీళ్ళు మాత్రమే.